మొదలెటు, కొసెటు

కత్తెరమ్మకి కత్తిరింపు గురించి చెప్పబోవడమంటే చేపపిల్లకి ఈత నేర్పబోవడమే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. అద్దం ముందు కూర్చుని ఇక్కడ కొంచెం తగ్గించండి అని వేలు పెట్టి చూపించబోయినవాళ్ళు, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నొక్కగానే నోటితో పాటు కళ్ళు కూడా మూసుకుంటారు. కళ్ళు తెరిచేసరికి అడిగింది ఉండదు, అడిగినదానికన్నా బాగుంటుంది. రెండు కుర్చీల పార్లరు, గోడంత అద్దం, అద్దం పక్కన కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో రకం కత్తెర. ఆవిడ అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

ఇదంతా తెలిసీ ఆవిడకి చెప్పబోయింది తమ్ముడి భార్య. మరదలు మందుల షాపులో పనిచేస్తుంది. సీసాకి అంటించిన కాగితం అక్షరం వదలకుండా చదివి, కొనుక్కునేవాళ్ళకి కూడా చదివి వినిపించే రకం. ఆరోజు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొచ్చి, గుమ్మంలోనే నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. పెద్దదాని జుట్టు ముందు సన్నసన్న జడలుగా అల్లాలట. ఒక్కో జడకి తల దగ్గర ఒకటి, చివర ఒకటి రబ్బరు బ్యాండు బిగించాలట. తల దగ్గరి బ్యాండుకి పైన కత్తిరించాలట. జడ విప్పకూడదట. జుట్టు టోపీలు కట్టే పెద్దాయన ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పారట.

“గడ్డి కోసినట్టా?” అంది కత్తెరమ్మ.

“ఆయన అలాగే చెప్పారు వదినా.”

“ఆయన జుట్టు పట్టుకుపోతాడు. తల మనకి మిగులుతుంది. రేపు ఆ తల వేసుకుని బడికి పోవాల్సింది మన పిల్ల.”

మరదలు ఇంకో మాట అనబోయి మానుకుంది. వదినతో వాదించి గెలిచినవాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు, ఓడినవాళ్ళలో తన మొగుడు కూడా ఉన్నాడు. డ్యూటీకి వేళవుతోందని వెళ్ళిపోయింది.

పెద్దదానికి పన్నెండేళ్ళు. నడుం దాటిన జుట్టు, పిడికిట పడితే పిడికిలి నిండేది. అదంతా చెల్లెలికే ఇచ్చేస్తానంది. చిన్నది ఆరేళ్ళది. చెవి పైన బొట్టుబిళ్ళంత మేర నున్నగా అయిందని మొదట తల్లే చూసింది. ఆ తరవాత చూడాల్సిన అవసరం లేకపోయింది, దిండు మీదే కనబడేది. నొప్పి లేదు, దురద లేదు, ఒంట్లో ఇంకే జబ్బూ లేదు. ఒళ్ళే పొరపాటుపడి సొంత జుట్టుని పరాయిదనుకుంటోంది, మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. చిన్నది పసుపుపచ్చ టోపీ ఒకటి కనుబొమల దాకా లాక్కుని తిరుగుతోంది. బడిలో ఎవడో ఆ టోపీ లాగాడు. అంతే, బడి మానేసింది.

తండ్రి షాపులో దొరికే విగ్గు ఒకటి తెచ్చాడు. చిన్నది దాన్ని పట్టుకుని చూసి, ఇది ఎవరిదో, నాకొద్దు అని, వాషింగ్ మెషీన్‌లో పడేసింది. అక్క జుట్టయితే పెట్టుకుంటానంది. పెట్టుకుంటే బడికి వెళ్తానంది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నారు.

కత్తెరమ్మ పని మొదలుపెట్టింది. నేల మీద ఉతికిన తెల్ల దుప్పటి పరిచింది. పెద్దదాని జుట్టు తడిపి, చిక్కు తీసి, పాయలు విడదీసి క్లిప్పులు పెట్టింది. మెడ దగ్గరి నుంచి ఒక్కో పాయే వదులుతూ, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కోణం చూసుకుని కత్తిరిస్తూ పైకి వచ్చింది. పాయలు దుప్పటి మీద ఎటు పడాలనిపిస్తే అటు పడ్డాయి. పిల్ల మెడ బయటపడింది, చెవులు బయటపడ్డాయి, అప్పటిదాకా జడ బరువుకి వెనక్కి లాగినట్టుండే మొహం కొత్తగా విచ్చుకుంది. కత్తెరమ్మ వెనక్కి తగ్గి చూసుకుని, ఇంకో రెండు వెంట్రుకలు సవరించి, ఊఁ అంది. ఆవిడ ఊఁ అందంటే అది పతకం ఇచ్చినట్టే.

పెద్దది మెడ తడుముకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ మొహం మాత్రం నవ్వుతూనే ఉంది.

కత్తెరమ్మ దుప్పటి మీది జుట్టంతా పాయపాయగా ఏరి, వెడల్పు పళ్ళ దువ్వెనతో దువ్వి, నడిమధ్య ఎర్ర రిబ్బను కట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మూల బల్ల మీద కూర్చున్న చిన్నది తనకో పాయ కావాలంది. పాలు మానినప్పటి నుంచీ అక్క జడ కొస వేళ్ళ మధ్య నలుపుకుంటూ నిద్రపోవడం దానికి అలవాటు. ఇవాళ్టి నుంచి ఎలా పడుకుంటుందనే దిగులు దానిది. కత్తెరమ్మ సన్నపాటి పాయ ఒకటి తీసి దారం చుట్టి ఇచ్చింది.

*

మర్నాడు తనే స్వయంగా పట్టుకెళ్ళింది. ఆస్పత్రి వెనక సందులో, మేడ మీద, కిటికీలన్నీ తెరిచి ఉన్న పెద్ద గది. ఎవరెవరో పంపించిన జుట్టుతో జబ్బుపడ్డ పిల్లలకి డబ్బు పుచ్చుకోకుండా జుట్టు టోపీలు కట్టిచ్చే చోటు అది. బల్లల మీద చెక్క తలలు, తలల మీద సాలెగూడంత పల్చటి వల టోపీలు. ఆడవాళ్ళు ముగ్గురు కొక్కెపు సూదితో రెండేసి వెంట్రుకలు వలలోంచి లాగి ముడి వేస్తున్నారు. ఎవరూ తల ఎత్తలేదు.

టోపీల పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని రిబ్బను విప్పాడు. చిటికెడు జుట్టు తీశాడు. గిన్నెలో నీళ్ళు అద్దుకుని, రెండు అరచేతుల మధ్య ఆ చిటికెడూ పెట్టి పైకీ కిందికీ రాశాడు. చెయ్యి తెరిచేసరికి అందులో జుట్టు లేదు, చిన్న పిచిక గూడుంది.

“మొదళ్ళూ కొసలూ కలిసిపోయాయమ్మా” అన్నాడు.

కత్తెరమ్మకి అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పాడు. చేపకి ఉన్నట్టే వెంట్రుకకీ పొలుసులుంటాయి, కంటికి ఆనవు. అన్నీ కొసవైపే వాలి ఉంటాయి. తల మీద ఉన్నంతకాలం అన్ని వెంట్రుకలదీ ఒకటే దారి గనక గొడవ లేదు. ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టి కట్టామా, పొలుసూ పొలుసూ పట్టుకుని నాలుగు రోజుల్లో అట్ట కడుతుంది. అందుకే జడ విప్పొద్దని, బ్యాండు పెట్టమని చెప్పేది. ఒక్కసారి కలిసిపోయాయా, ఇక పారెయ్యడమే.

ఇంతకాలం కత్తెర పట్టింది. ఎప్పుడూ తల మీద ఉండేదాని గురించే ఆలోచించింది గానీ నేల మీద పడినదాని గురించి ఆలోచించలేదు. పడినదానికి చీపురుంది. కత్తెరమ్మకి తల కొట్టేసినట్టయింది.

“నాది తీసుకోండి” అంది ఉన్నట్టుండి, ముడి విప్పేస్తూ. “నాదీ ఒత్తే.”

పెద్దాయన వంగి చూశాడు. “రంగు ఎప్పట్నుంచి వేస్తున్నారు?”

ఆ సంగతి వీధిలో పిట్టకి కూడా తెలియదు. కత్తెరమ్మ ముడి మళ్ళీ చుట్టుకుంది.

ఆయన మంచివాడు. అరల్లో సర్దిన జడలు చూపించాడు, ప్రతిదానికీ మొదట్లో బ్యాండు ఉంది. ఇవన్నీ పిల్లల కోసం పెంచి ఇచ్చినవే, రంగు కలిసేది చూసి కట్టిస్తాను, పాపకి లోటు రాదు, వెంట్రుకలకి పేర్లుంటాయా, మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది అన్నాడు. కత్తెరమ్మ ఆలోచించుకుని చెబుతానంది. ఎర్ర రిబ్బను కట్ట మళ్ళీ సంచీలో పెట్టుకుని మెట్లు దిగింది.

*

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళింది నిజం చెప్పేద్దామనే. చెప్పులు విడిచేటప్పుడు గుమ్మం పక్కన చిన్నదాని బడి బూట్లు కనబడ్డాయి. ఇన్నాళ్ళూ మంచం కింద దుమ్ము కొట్టుకుపోయినవి. తుడిచి, మెరిసేలా పాలిష్ పెట్టి, వాకిలి వైపు ముక్కులు తిప్పి ఉన్నాయి. ఎవరు పెట్టారని అడిగితే చిన్నదే అంది మరదలు, పొద్దున్నించీ అదే పని. చెబుతూ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“తీసుకున్నారా వదినా?”

“ఆఁ” అంది కత్తెరమ్మ.

“ఏమన్నారు?”

“బాగుందన్నారు.”

ఒళ్ళో సంచీని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది. టీ ఇస్తే సంచీ కింద పెట్టకుండా ఎడంచేత్తోనే తాగింది. పెద్దది వచ్చి పక్కన చేరి, క్లాసులో అందరూ ఎవరు కత్తిరించారని అడిగారత్తా, ముగ్గురు నీ దగ్గరికే వస్తామన్నారు అంది. గోరుచుట్టు మీద రోకటి పోటు. కత్తెరమ్మ ఆ పిల్ల తల నిమిరి, లేచి వచ్చేసింది. వచ్చేటప్పుడు చూస్తే చిన్నది అక్క పక్కన మంచం మీద వాలి, దారం చుట్టిన పాయ కొసని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుకుంటోంది. కళ్ళు మూతలు పడుతున్నాయి, వేళ్ళు మాత్రం ఆగలేదు.

దారి పొడుగునా తనని తనే తిట్టుకుంది. పెద్దాయన మాట వింటే ఏమవుతుంది? పిల్లకి టోపీ వస్తుంది. బూట్లు వేసుకుని బడికి పోతుంది. మోసమే, కాదని ఎవరంటారు, కానీ పిల్లని బడికి పంపే మోసం. ఇలా ఒకవైపు సర్ది చెప్పుకుంటుంటే ఇంకోవైపు ఆ పిల్ల వేళ్ళు గుర్తొచ్చాయి. పాలు మానినప్పట్నుంచీ పట్టుకున్న జుట్టు. కళ్ళు మూసుకున్నా తెలిసిపోతుంది దానికి. మళ్ళీ ఇది ఎవరిదో అందంటే, ఇక అక్క మీద కూడా నమ్మకం పోతుంది.

*

మర్నాడు షట్టరు సగమే ఎత్తింది. రిబ్బను విప్పి, పాయలన్నీ అద్దం ముందు బల్ల మీద పరిచి, భూతద్దం పట్టుకుని కూర్చుంది. కొస సన్నగా ఉంటుంది, మొదలు లావుగా ఉంటుంది, కంటితో ఏరితే సరిపోదా అనుకుంది. సరిపోలేదు. చిట్లకుండా ఉండాలని ప్రతి కొన్ని నెలలకీ పెద్దదాని కొసలు నిక్కచ్చిగా కత్తిరిస్తూ వచ్చింది ఎవరు? తనే. అటు చూసినా కత్తెర గాటే, ఇటు చూసినా కత్తెర గాటే. తన పనితనమే తన కళ్ళల్లో కారం కొట్టింది.

భూతద్దం పక్కన పడేసి, పెద్దాయనకి ఫోను చేసి సరే అనెయ్యాలని ఫోను చేతిలోకి తీసుకుంది. అప్పుడే షట్టరు కింది నుంచి పసుపుపచ్చ టోపీ లోపలికి దూరింది. మరదలు పనికి వెళ్తూ చిన్నదాన్ని దింపి పోయింది.

చిన్నది బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. “ఇది అక్కది కదా. ఇక్కడుందేం?”

అబద్ధం కత్తెరమ్మ నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల అప్పటికే ఒక వెంట్రుక పోగు తీసి పట్టుకుంది, తడిమి మరీ అడుగుతోంది. కత్తెరమ్మ ఫోను బోర్లా పెట్టి, పిల్లని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. తను చేసిన తప్పు ఉన్నదున్నట్టు చెప్పింది. మీ అమ్మ చెప్పింది, నేను వినలేదు. మొదలేదో కొసేదో కలిసిపోయింది. ఏది ఎటో తెలియకపోతే టోపీ కట్టరు. తెలుసుకునే దారి నాకు తెలియడంలేదు.

చిన్నది ఏడవలేదు. చేతిలోని పోగుని నలుపుతూనే వింది. విని, ఇంత చిన్న విషయానికి అంత మొహం ఎందుకు పెట్టావన్నట్టు చూసింది.

“ఇటు” అంది, పోగు ఒక చివర చూపిస్తూ.

“ఏంటి ఇటు?”

“అక్క తల ఇటు.”

“నీకెలా తెలుసే?”

“నలిపితే పోతుందిగా అత్తా. అక్క జుట్టు ఎప్పుడూ అక్క వైపే పోతుంది. నేను గట్టిగా పట్టుకున్నా జారిపోతుంది. మళ్ళీ పట్టుకోవాలి.”

కత్తెరమ్మ ఆ పోగు తీసుకుంది. పిల్ల చూపించినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలువుగా పెట్టి, ముందుకీ వెనక్కీ నలిపింది. ఏమీ తెలియలేదు. కత్తెర పట్టీ పట్టీ ఆ రెండు వేళ్ళూ కాయలు కాశాయి. చెయ్యి మార్చి ఎడంచేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. వెంట్రుక కదిలింది. గండుచీమ పాకినంత మెల్లగా, చూపుడువేలి మీదుగా ఒకేవైపు పైకి వస్తోంది. తలకిందులుగా తిప్పి పట్టుకుని నలిపింది. ఇప్పుడు కిందికి పోయింది. అంటే ఎలా పట్టుకున్నా అదే చివర వైపు.

అయినా కత్తెరమ్మ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. తన తలలోంచే ఒక వెంట్రుక చటుక్కున పీకింది. పీకిందానికి మొదట్లో తెల్లగా కుదురు కనబడుతుంది, అబద్ధం ఆడటానికి వీల్లేదు. నలిపింది. కుదురు ముందు నడిచింది. ఇంకోటి పీకింది. అదీ అంతే. మూడోది పీకబోతుంటే చిన్నది అడ్డుపడింది.

“వద్దత్తా. అయిపోతాయి.”

కత్తెరమ్మ నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదింది. పిల్లని దగ్గరికి లాక్కుని టోపీ మీదే ముద్దుపెట్టింది. పొలుసులన్నీ కొసవైపు వాలి ఉంటాయని పెద్దాయన చెప్పనే చెప్పాడు. వాలినవి కొసవైపు జారనివ్వవు, మొదలు వైపే పోనిస్తాయి. ఆ ముక్క విన్న చెవికి తట్టలేదు, నిద్రపోతూ నేర్చుకున్న వేళ్ళకి తెలిసింది.

ఇద్దరూ మొదలుపెట్టారు. ఒక్కో వెంట్రుకే అంటే జన్మలు చాలవు. చిన్నదే ఇంకో దారి చూపించింది. చిటికెడు తీసి ఒకేసారి నలిపితే కొన్ని పైకి, కొన్ని కిందికి విడిపోయి వాటంతట అవే రెండు పాయలవుతున్నాయి. ఒకదాన్ని తిప్పి రెండోదానితో కలిపితే సరి. కలిపినవి ఎక్కడ పెట్టాలన్నది తరవాతి సమస్య. కింద పెడితే ఫ్యాను గాలికి మళ్ళీ కలుస్తాయి. చిన్నది అటూ ఇటూ చూసి, అసలే టోపీ అంచు కళ్ళకి అడ్డం వస్తోందని, టోపీ తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టింది. మొదళ్ళన్నీ టోపీలోకి, కొసలు బయటికి వేలాడేట్టు సర్దింది. అద్దం ముందు, వెలుతురులో, నున్నటి తల వంచుకుని పనిలో పడిపోయింది.

పరాయి చోట ఆ పిల్ల టోపీ తియ్యడం కత్తెరమ్మ అదే చూడటం. ఆ మాట ఎత్తితే ఎక్కడ గుర్తొస్తుందోనని, లేచి ఫ్యాను మాత్రం ఆపేసింది.

కాసేపటికి రిటైరైన టీచరమ్మ షట్టరు కింద వంగి లోపలికి వచ్చింది. వారానికోసారి వచ్చి తల కడిగించుకుని, వీధిలో అందరి గురించీ కడిగిపోయే మనిషి. చిన్నది ఉలిక్కిపడి చెయ్యి టోపీ మీద వేసింది. టోపీ నిండా జుట్టుంది. ఎత్తితే పొద్దున్నించీ చేసిందంతా పోతుంది. పిల్ల చెయ్యి అక్కడే ఆగిపోయింది.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. నున్నటి తలని చూసింది, టోపీని చూసింది, బల్ల మీది గుట్టని చూసింది.

“ఏం చేస్తున్నారు?”

చిన్నది నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకుంది. “అక్క ఎటుందో చూస్తున్నాం” అంది.

ఎలా చూడాలో కూడా అదే నేర్పింది. టీచరమ్మకి చేతకాలేదు, రెండుసార్లు మందలింపు కూడా తిన్నది. బడిలో వేలమందిని మందలించిన మనిషి బుద్ధిగా తలూపి మళ్ళీ మొదలుపెట్టింది. కొండకి వెంట్రుక కట్టి లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు, ఇక్కడ కొండే వెంట్రుకలు కదమ్మా అని గొణుక్కుంది గానీ, తల కడిగించుకోవాలన్న సంగతి మరిచిపోయింది.

*

మరదలు డ్యూటీ దిగి వచ్చేసరికి రెండు కుర్చీలూ, మూల బల్లా నిండి ఉన్నాయి. మధ్యలో తన కూతురు టోపీ లేకుండా కూర్చుని, ఎవరో కొత్తావిడకి ఇలా కాదు అలా అని చెబుతోంది. మరదలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కత్తెరమ్మ లేచి వెళ్ళింది. అందరి ముందూ, గొంతు తగ్గించకుండా చెప్పింది. “నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. జుట్టు పాడుచేశాను. నిన్న నీతో అబద్ధం కూడా ఆడాను. ఏమంటావో అను.”

మరదలు వాష్ బేసిన్ దగ్గరికి వెళ్ళి, మందుల షాపు చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, పొడిగా తుడుచుకుని, కూతురి పక్కన కూర్చుంది.

“నేను ముందే చెప్పానని అననులెండి” అంది.

“అనేశావుగా.”

“ఒక్కసారే అన్నాను.”

పెద్దది మాత్రం అంత తేలిగ్గా ఊరుకోలేదు. బడి నుంచి వచ్చి సంగతి విని, నా జుట్టు చెత్తలా కలిపేశావా అత్తా అని సంచీ విసిరికొట్టింది. అన్నాళ్ళు పెంచి, ఒక్క పూటలో పోగొట్టుకుని, అద్దంలో ఇంకా తనకి తనే అలవాటుపడని పిల్ల, దాని కోపంలో అన్యాయమేముంది? కత్తెరమ్మ సమర్థించుకోలేదు. పెద్దది బయట మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తరవాత లోపలికి వచ్చి, చెల్లెలి తల మీద చెయ్యి వేసి, జరుగు అంది.

ఆ వారమంతా పార్లరులో పని అలాగే నడిచింది. కత్తిరించుకోవడానికి వచ్చినవాళ్ళు వంతు వచ్చేదాకా చిటికెడు పుచ్చుకుని నలిపారు. తమ్ముడు సెలవు పెట్టి వచ్చి, తన మోటు వేళ్ళకి ఏమీ తెలియక, టీలు అందించే పనికి కుదురుకున్నాడు. అనుమానం వచ్చిన ప్రతి పాయా చివరికి చిన్నదాని దగ్గరికే చేరేది. అది కళ్ళు మూసుకుని నలిపి, ఇటు అనేది. ఆ మాటకి ఎదురు లేదు.

*

పెద్దాయన నీళ్ళు అద్దుకున్నాడు. చిటికెడు తీసి అరచేతుల మధ్య పైకీ కిందికీ రాశాడు. కత్తెరమ్మ, మరదలు, పిల్లలిద్దరూ ఆ చేతులనే చూస్తున్నారు. చెయ్యి తెరిచాడు. జుట్టు నున్నగా, తిన్నగా పడుకుని ఉంది.

ఇంకో చోట నుంచి తీశాడు. మధ్యలోంచి తీశాడు. ఆ తరవాత చిక్కులు పట్టే మేకుల పలక మీద వేసి గట్టిగా లాగాడు. దువ్వెనలోంచి వచ్చినట్టు జారింది. గుప్పెడు వేస్టు పోయింది, మిగతాది నిలిచింది. వలలో సూది గుచ్చుతున్న ఆడవాళ్ళు మొదటిసారి తలలెత్తి చూశారు. ఎవరు విడదీశారని అడిగాడు పెద్దాయన. మిగతా ముగ్గురూ చిన్నదాని వైపే చూపించారు.

కానీ తూకం చాలలేదు. మెడ దగ్గరి కింది వరసలకి ఇంకొకరిది కలపక తప్పదన్నాడు. పెద్దదాని మొహం వాడిపోయింది. కత్తెరమ్మ ఇక పిల్ల వద్దంటుందనే అనుకుంది. పెద్దాయన అరలోంచి ఒక జడ తీసి చిన్నదాని చేతిలో పెట్టాడు. అది అలవాటు ప్రకారం కొస పట్టుకుని నలిపింది.

“ఇదీ పోతోంది. ఎవరి వైపు?”

“ఎవరో తెలియదమ్మా” అన్నాడాయన. “ఎవరో ఒక అక్క. నీలాంటి పిల్లకివ్వమని పెంచి పంపించింది.”

చిన్నది ఆ జడని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఆ అక్కకి ఇప్పుడు పొట్టి జుట్టా?”

“అయుంటుంది.”

పిల్ల తన అక్క తల వైపు ఒకసారి చూసింది. అయితే కలపండి అంది. ఆ తరవాత తనంతట తనే టోపీ తీసి, కొలత తీసుకోవడానికి తల వంచింది.

*

కొన్ని వారాలకి జుట్టు టోపీ చేతికొచ్చింది. దాన్ని సవరించింది కత్తెరమ్మే. పిల్ల తల మీద పెట్టి, నుదుటి దగ్గర నాలుగు వెంట్రుకలు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. భుజాల దాకా జుట్టు, రెండు జడలు. మర్నాడు పాలిష్ పెట్టిన బూట్లు బడి దారి పట్టాయి. వాటి వెనకే వీధి మలుపు దాకా ఆవిడ దొంగలా నడిచి వెళ్ళి చూసి వచ్చింది. మలుపు దగ్గర పిల్ల వెనక్కి తిరిగి చూసి నవ్వింది, తెలిసే ఉంటుంది.

ఇప్పుడు పార్లరులో కొక్కేలన్నిటికన్నా ముందున్న కొక్కేనికి రబ్బరు బ్యాండుల గుత్తి వేలాడుతుంది. పొడుగు జుట్టు తగ్గించుకుంటామని ఎవరు కూర్చున్నా ముందు ఆవిడ అడుగుతుంది, రంగు వెయ్యలేదు కదా, పిల్లలకి ఇస్తారా అని. ఇస్తామంటే జడలు అల్లి, మొదట్లో బ్యాండు బిగించి, అప్పుడే కత్తెర తీస్తుంది. తల సంగతి ఆ తరవాతే.

ఆ సాయంత్రం కూడా అలాగే ఒకావిడకి బ్యాండు బిగిస్తోంది. ఎందుకండీ ఇంత తతంగం, కోసి కట్టేస్తే పోదా అంది ఆవిడ. కత్తెరమ్మ జవాబు చెప్పబోయి అద్దంలోకి చూసి ఆగింది.

వెనక బల్ల మీద పిల్లలిద్దరూ ఉన్నారు. బడి నుంచి వచ్చిన అలసటకి చిన్నది అక్క ఒళ్ళో వాలింది. పెద్దదాని చేతిలో చెల్లెలి జడ కొస ఉంది. ఎప్పుడు పట్టుకుందో దానికే తెలియదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని నలుపుతోంది.

“అక్కా, ఎటు పోతోంది?” అంది చిన్నది కళ్ళు తెరవకుండానే.

పెద్దది ఇంకోసారి నలిపి చూసింది. ఆ కొస వేళ్ళలోంచి మెల్లగా జారిపోయింది.

“నీ వైపే” అంది.